బొమ్మల కొలువుకు ఏ మట్టి మేలు?

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో హడావిడి అంతా మెట్ల మీది బొమ్మల గురించే. మెట్ల ముందు నేలమీద అమర్చే పల్లెటూరి సంగతి పిల్లలకు వదిలేస్తారు. గుప్పెడు ఇసుక, ఆకుపచ్చ రంగు కలిపిన రంపపు పొట్టు, చెరువుకని ఒక అద్దం ముక్క ఉంటే ఊరు సిద్ధమైనట్టే. కొండపల్లి నుంచి తెచ్చిన తాటిచెట్టెక్కే మనిషి, ఎడ్లబండి అందులో నిలబడతాయి. అంత చక్కని బొమ్మలూ ఆ ఊళ్లో ఇమడవు. చుట్టం చూపుగా వచ్చినట్టు ఉంటాయి. దోషం కింద పోసిన ఇసుకది.

లెక్క వేసి చూడండి. అయిదున్నర అడుగుల మనిషి 66 అంగుళాలు. కొలువులో బొమ్మ 4 అంగుళాలు ఉందనుకుంటే, అది మనిషిలో సుమారు పదహారో వంతు. 1 మిల్లీమీటరు ఇసుక రేణువు ఆ బొమ్మకు 16 మిల్లీమీటర్ల రాయితో సమానం. బొమ్మ 2 అంగుళాలదే అయితే రేణువు ఒక్కొక్కటీ 33 మిల్లీమీటర్లు, అంటే రైలుకట్ట మీద పోసే కంకరంత! పాపం, ఆ కంకరలోనే రైతు నాగలి పట్టుకుని నిలబడి ఉంటాడు. కాబట్టి ముందు కావలసింది జల్లెడ. 4 అంగుళాల బొమ్మకు పిండి జల్లెడతో జల్లించిన ఇసుక సరిపోతుంది. అంతకన్నా చిన్న బొమ్మలకు పాత పంచె గుడ్డలో జల్లించిన మట్టి కావాలి. రంపపు పొట్టుకూ ఇదే లెక్క. కోత మిల్లు నుంచి తెచ్చింది తెచ్చినట్టు పోస్తే పచ్చిక మీద కట్టెపుల్లలు పరచినట్టుంటుంది.

రంగు కోసం బజారుకు వెళ్లనక్కరలేదు. ఏ ఊరిని చూపదలచారో ఆ ఊరి మట్టి గుప్పెడు తెచ్చి, ఎండబెట్టి, జల్లించి, జిగురు పూసిన పలక మీద చల్లితే అంతకన్నా అసలైన రంగు మరొకటి దొరకదు. చల్లిన మట్టి నిలవాలంటే ఒక వంతు ఫెవికాల్‌కు రెండు వంతుల నీళ్లు, రెండు చుక్కల సబ్బునీరు కలిపి పైన చిలకరించాలి. సబ్బు లేకపోతే నీరు పొడి మట్టిలో ఇంకకుండా పూసల్లా నిలిచిపోతుంది. జిగురు తగిలిన మట్టి ఆరాక కూడా ఒక ఛాయ ముదురుగానే ఉంటుంది. అందుచేత ముందు అట్టముక్క మీద వేసి చూసుకోవడం మంచిది.

నల్లరేగడితో చిక్కు

గుంటూరు, కృష్ణా ప్రాంతాల వారికి చేతికందేది నల్లరేగడి. తడిస్తే ఉబ్బడం, ఆరితే కుంచించుకుపోవడం దాని స్వభావం. మందంగా పరిస్తే పండుగ నాటికి వెడల్పాటి బీటలు వారి, ఎడ్లబండి చక్రం అందులో కూరుకుపోతుంది. అయితే వేసవి చేను చూపించడానికి దీన్ని మించింది లేదు. పూత ఎంత పలచనయితే బీటలు అంత సన్నగా, దగ్గర దగ్గరగా పడతాయి. బొమ్మ ఎత్తుకు తగిన బీట కావాలంటే పూత మందాన్ని తగ్గించుకుంటే సరి. బీటలే వద్దనుకునేవారు సగానికి సగం ఇసుక, సన్నగా తరిగిన గోనె పీచు కలుపుకోవాలి.

కొండలకు, గట్లకు చాలామంది థర్మోకోల్ కొనేవారు. తేలిక, కోయడం సులువు. కాని డబ్బా రంగుల్లో కలిపే థిన్నర్, పెట్రోలు దానికి తగిలితే కరిగి గుంటలు పడతాయి. పైగా అలంకరణకు వాడే థర్మోకోల్‌ను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పది, పదిహేను నిమిషాల్లో గట్టిపడుతుంది గాని బరువు ఎక్కువ, అంచు విరిగితే లోపలి తెలుపు బయటపడుతుంది. వైజ్ఞానిక ప్రదర్శనకు ఆనకట్ట నమూనాను బస్సులో మోసుకుపోయే విద్యార్థులకు రెండూ కష్టమే.

జవాబు కొండపల్లిలోనే ఉంది. అక్కడి కళాకారులు తెల్ల పొణికి కర్రతో చెక్కిన కాళ్లూ చేతులూ అతికించడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. బొమ్మను నిలిపిన ఆ ముద్ద బొమ్మ కింది గట్టుకూ పనికి వస్తుంది. ఆరితే కర్రలాగే తేలిగ్గా, గట్టిగా ఉంటుంది. పెద్ద కొండకయితే నానబెట్టి దంచిన పాత వార్తాపత్రికల గుజ్జు, మైదా జిగురు చాలు. దీన్ని ఒకేసారి దిమ్మలా వేయకుండా పొర ఆరాక పొర వేయాలి. లేకపోతే లోపలి తడికి బూజు పడుతుంది. మైదాను పురుగు తినకుండా మైలుతుత్తం కలిపే అలవాటు పాతదే గాని, అది విషం. పిల్లలు చేతులు పెట్టే చోట వద్దు. అడుగున ప్లైవుడ్ పలక వాడితే దానికి ముందే రెండువైపులా రంగు పూయాలి. ఒకవైపే తడి తగిలిన పలక వంగి, దానితోపాటు కొండా పగులుతుంది.

చెరువుకు అద్దం పెట్టడం ఎవరు మొదలుపెట్టారో గాని, అందులో చూసేవారి ముఖాలు, పైనున్న కరెంటు దీపం కనిపిస్తాయి. మామూలు గాజు పలక కింద బురద రంగు పూసిన కాగితం ఉంచి, అంచులను మట్టితో కప్పితే మన చెరువులా ఉంటుంది. నీలం రంగు వేయకండి. మన ఊళ్లలో నీలం చెరువు ఎక్కడుంది? వరద గోదావరి అయితే ఎర్రగానే ఉండాలి.

ఇక ఆవాలు, రాగులు చల్లి మొలిపించే పచ్చని చేను. 4 అంగుళాల బొమ్మ పక్కన అంగుళంన్నర మొలక మనిషి తొడల ఎత్తు పైరులా సరిగ్గా కుదురుతుంది. చిక్కల్లా తడితోనే. పొణికి కర్ర తేలికైనది, చెమ్మ పీలుస్తుంది. అడుగు తడిసిన బొమ్మకు రంగు లేస్తుంది, అతుకు వదులుతుంది. ఏటేటా పెట్టెలో భద్రంగా దాచుకునే బొమ్మను నాలుగు రోజుల చేను పాడుచేస్తుంది. అందుకని విత్తనాలను విడిగా ఒక పళ్లెంలో చల్లి, దాన్ని చుట్టూ ఉన్న పొడి నేలతో సమానంగా దించి, రైతును గట్టు మీదే నిలబెట్టాలి. విత్తనాలు భోగికి వారం ముందు చల్లుకుంటే చాలు.