వేయి పున్నములు, ఒక బొంత

మా అమ్మకు ఎనుబదియొకటవ ఏడు నడుచుచుండగా మా ఇంట ఒక లెక్క తెగక నిలిచెను. వేయి పున్నములు చూచినవారికి సహస్రచంద్ర దర్శన శాంతి జరిపించుట మన పెద్దల ఆచారము. ఆ వేయవ పున్నమి ఎన్నడు వచ్చునన్నది ప్రశ్న. ఎనుబది ఏండ్ల ఎనిమిది నెలలకు వచ్చునని పెద్దన్నగారు. కాదు, పది నెలలు నిండవలెనని లెక్కల ఉపాధ్యాయినియైన అక్క. రెండు నెలల కొరకు ఇంత వాదమా యని శ్రోతలకు తోచవచ్చును. కాని సెలవులు, రైలు టిక్కెట్లు, పిల్లల పరీక్షలు అన్నియు ఆ రెండు నెలలపైననే ఆధారపడి ఉండెను.

ఇరువురి లెక్కలును చెప్పెదము. ఎనుబది దాటిన పెద్దలున్న ఇండ్లకు ఉపయోగపడును. ఏడాదికి పండ్రెండు చొప్పున 80 ఏండ్లకు 960 పున్నములు. చాంద్రమానమున నడుమ నడుమ అధికమాసము వచ్చును గదా! రెండున్నర ఏండ్లకు ఒకటి చొప్పున వేసికొన్నచో అవి 32. వెరసి 992. మరి ఎనిమిది నెలలు గడచినచో వేయి. ఇది అన్నగారి లెక్క. వాడుకలో నున్నదియు ఇదియే. అక్క మాట వేరు. అధికమాసము సరిగా రెండున్నర ఏండ్లకు రాదు. 19 ఏండ్లలో ఏడుసార్లు వచ్చును. ఆ చొప్పున 80 ఏండ్లకు ఇరువదితొమ్మిదియో ముప్పదియో అగును గాని ముప్పదిరెండు కావు. వేరొక విధమునను చూడవచ్చును. ఒక పున్నమి నుండి మరుసటి పున్నమికి సగటున 29 దినముల 12 గంటల 44 నిమిషములు పట్టును. వేయి పున్నములకు 29,530 దినములు దాటును. అనగా 80 సంవత్సరముల 10 నెలల కొన్ని దినములు. అక్కయే గెలిచినది.

ఈ వాదమంతయు విని అమ్మ మంచము మీదినుండి, “ఒరేయ్, వానాకాలంలో మబ్బుపట్టిన పున్నములు తీసేశారట్రా?” అని అడిగెను. దానికి మాలో ఎవరియొద్దను లెక్క లేదు.

లెక్క తేలిన పిమ్మట అసలు చిక్కు బయలుపడెను. మన ఇండ్లలో అరువది నిండినప్పుడు షష్టిపూర్తి, డెబ్బదికి భీమరథ శాంతి, ఎనుబది దాటిన పిమ్మట సహస్రచంద్ర దర్శనము జరుపుదురు. ప్రభవాది సంవత్సరములు అరువది; పుట్టిన సంవత్సరము పేరు మరల తిరిగివచ్చును గనుక షష్టిపూర్తికి అంత ప్రాముఖ్యము. కాని ఈ వేడుకలు జరుగు తీరు గమనింపుడు. పీట తండ్రిది, తల్లి ప్రక్కన కూర్చుండును. మా నాన్నగారి షష్టిపూర్తికిని, డెబ్బదవ ఏటి శాంతికిని అమ్మ అట్లే కూర్చున్నది. ఆయన పోయిన పిమ్మట ఆమెకు వేరుగా పీట వేయవలెనన్న ఊహయే చాల ఇండ్లలో ఎవరికిని కలుగదు. బంధువులలో ఒకరిద్దరు, “ఆవిడ ఒక్కరికీ ఎలా చేస్తారు?” అని మెల్లగా అడిగిరి కూడ. మా పురోహితులు మాత్రము, “పున్నములు చూచినది ఆమె కన్నులు గదా, మరియొకరివి కావు గదా!” అని ఒక్కమాటతో తేల్చివేసిరి. ఆయన తెలియక యన్న కన్నుల మాట మాకు ములుకు వలె తగిలినది. ఎందువలననో ముందు చెప్పెదము.

ఇంటి పిల్లలు వేరొక ఉపాయము చెప్పిరి. మే నెలలో రెండవ ఆదివారము మాతృదినోత్సవమట. ఆనాడే చేసినచో ముహూర్తముతో పని లేదట. ఆ దినము పుట్టిన కథ వారికి తెలియదు. అమెరికాలో ఆనా జార్విస్ అను నామె 1908లో తన తల్లి జ్ఞాపకార్థము వెస్ట్ వర్జీనియా రాష్ట్రమందలి గ్రాఫ్టన్ పట్టణపు చర్చిలో ప్రార్థన జరిపించెను. 1914లో అధ్యక్షుడు విల్సన్ దానిని దేశమంతట పాటింపవలసిన దినముగా ప్రకటించెను. తరువాత పూలవర్తకులు, శుభాకాంక్షల కార్డుల వారు ఆ దినమును తమ వ్యాపారమునకు వాడుకొనుట చూచి ఆమెయే దానిపై యుద్ధము సాగించి, 1948లో కన్నుమూసెను. ఎవరి తల్లిని వారు తమ తమ ఇంట తలచుకొనవలెనన్నదే ఆమె మొదటి ఉద్దేశము. ఈ కథ విన్న పిమ్మట పిల్లలు, “అయితే నాయనమ్మనే అడుగుదాం” అనిరి. అంతవరకు ఆమెను అడుగవలెనని మాలో ఎవరికిని తోచలేదు!

“నాకు పీటా వద్దు, పట్టుచీరా వద్దు. ఆ బొంత పూర్తి చేయించండి” అని అమ్మ యనెను.

ఆ బొంత సంగతి ఇది. నాన్నగారి పంచెలు, అమ్మ నేతచీరలు, మా చిన్ననాటి పరికిణీల గుడ్డలు కలిపి ఆమె దానిని మొదలుపెట్టి మూడేండ్లయినది. మొదటి ఏడు సగము కుట్టెను. పిమ్మట ఒకనాడు కుట్టువరుస వంకరపోయినదని విప్పివేసెను. మరల కుట్టెను, మరల వంకరగా కనబడెను. మూడవసారి విప్పుచుండగా అక్క చూచి, “తిన్నగానే ఉంది కదమ్మా!” అనెను. మేము నవ్వి, అద్దములు మార్పింతమంటిమి. ఆ మాట అని ఊరకుంటిమి. వైద్యునికడకు తీసికొనిపోవునప్పటికి ఎనిమిది నెలలు గడచినవి.

తిన్నని గీత వంకరగా కనబడుట వయసుతో వచ్చు ఒక నేత్రవ్యాధికి ముఖ్యమైన గుర్తు. కంటిలోపల వెలుగును గ్రహించు పొరను రెటీనా యందురు. దాని నడుమ మాక్యులా యను చిన్న స్థానమున్నది. సూదిలో దారము ఎక్కించుటకు, అక్షరము చదువుటకు, ఎదుటివారి ముఖము గుర్తించుటకు పనికివచ్చునది ఆ చోటే. వార్ధక్యమున అది క్షీణించినచో ప్రక్కచూపు నిలిచియుండును, నడిమి చూపు మసకబారును. మనిషి ఇంటిలో తట్టుకొనక తిరుగును గనుక ఇంటివారికి అనుమానము రాదు. ఈ వ్యాధి రెండు విధములు. తడిరకమునకు కంటిలో ఇచ్చు సూదిమందులున్నవి. వేళకు వెళ్లినచో చూపు చాలవరకు నిలుచును. అమ్మకు వచ్చినది పొడిరకము. పోయిన చూపును మరల తెచ్చు మందు దీనికి లేదు. మేము వెంటనే తీసికొని వెళ్లియున్నచో ఫలితము మారెడిదా యని అడిగితిమి. ఎక్కువ మారెడిది కాదని వైద్యుడు చెప్పెను. ఆ మాట మాకు పూర్తిగా ఊరట కాలేదు. తడిరకమై యుండినచో ఏమయ్యెడిది? అరువది దాటిన పెద్దలు ఇంట నున్నవారు అప్పుడప్పుడు ఒక పని చేయుడు. ఒక కన్ను మూయించి, రెండవ కంటితో వాకిలి చట్రమునో, చీర అంచునో చూపి, గీత తిన్నగా ఉన్నదా యని అడుగుడు. పిమ్మట రెండవ కంటికిని అట్లే చేయుడు. వంగినదన్నచో జాగు చేయవలదు.

ఇక బొంత. మనలో ‘అతుకుల బొంత’ యన్నది తిట్టుగా మారినది గాని, చక్కగా కుట్టిన బొంత ఎంత లెక్కతో కూడిన పనియో కుట్టినవారికే తెలియును. మంచి బొంతకు కొత్తగుడ్డ పనికిరాదు. ఉతికినప్పుడు కొత్తది కుదించుకొనును, పాతది కుదించుకొనదు. కనుక బొంత ముడుతలు పడును. ఏండ్ల తరబడి ఉతికి గంజి వదలిన నూలుగుడ్డ మెత్తగా ఉండును, ఇక కుదించుకొనదు. అడుగున గట్టి పంచె, పైన చూడముచ్చటైన చీర, నడుమ చిరిగిన గుడ్డలను ఒకదానిపై ఒకటి గుట్టపడకుండ పరచవలెను. ముందుగా పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేసి నిలుపుదురు. పిమ్మట బొటనవ్రేలి వెడల్పున వరుసలు కుట్టుదురు. ఈ కుట్టు అందమునకు మాత్రమే కాదు. అది లేనిచో రెండు ఉతుకులకు లోపలి గుడ్డలన్నియు ఒక మూలకు చేరును. పొరల నడుమ చిక్కుకొన్న గాలియే చలిని ఆపును. పొరలను ఎడముగా, కదలకుండ నిలుపునది కుట్టే.

బొంత నలుగురు కూర్చుండి కుట్టవలసిన పని. ఒక్కరే ఒకవైపునుండి కుట్టుచు పోయినచో గుడ్డ ముందుకు జరిగి జరిగి నడుమ ముడుతగా లేచును. నాలుగు వైపుల నలుగురు కూర్చున్నచో బిగువు సమముగా ఉండును. పూర్వము మధ్యాహ్నపు వేళ ఇరుగుపొరుగువారు చేరి కుట్టుట వేడుకకొరకు మాత్రమే కాదు, గుడ్డ స్వభావమును బట్టి ఏర్పడిన కట్టడి. ఊరి కబుర్లు దానికి లాభము!

అమ్మకు ఆ ఇరుగుపొరుగు ఇప్పుడు లేదు. ఉన్నవారు టెలివిజన్ వదలి రారు. ఆమె స్నేహితురాండ్రు దూరమున ఉన్నారు. కొన్ని ఏండ్ల క్రిందట మా స్త్రీల కార్యక్రమమున బొంతలను గూర్చి ఒక ప్రసంగము ప్రసారమైనది. దానిపై ఉత్తరములు వ్రాసినవారిలో హనుమకొండ ఆమె ఒకరు, రాజమహేంద్రవరపు ఆమె ఒకరు, బళ్లారి తెలుగు ఆమె ఒకరు. మా అమ్మయు వ్రాసినది. కుమారుడు పనిచేయు చోటికే ఉత్తరము వ్రాసినందుకు మేము కొంత సిగ్గుపడితిమి. ఆ నలుగురును చిరునామాలు తెలిసికొని, మొదట ఉత్తరములు, పిమ్మట టెలిఫోను, తపాలాలో గుడ్డముక్కలు, ఇట్లు స్నేహము సాగించిరి. ఒకరి ముఖము ఒకరు చూచినది లేదు.

ఆ ముగ్గురును బొంత పూర్తి చేయుటకు వచ్చిరి. స్టేషనులో వారిని గుర్తించుట ఎట్లని మేము అడుగగా, “సంచీలోంచి బొంత అంచు కనబడుతుంది, చూడు” అని అమ్మ చెప్పెను. సరిగా అట్లే కనబడినది. ఇంటికి రాగానే వారు పలుకరించుటకు ముందే అమ్మ ఆ బొంతలను ఒడిలోనికి తీసికొని, కుట్టుపై వ్రేలు జరుపుచు, “ఇది బళ్లారి వదినగారిది; కుట్టు అంచునుండి చుట్టి లోపలికి వస్తోంది” అనెను. ముఖములు కనబడని అమ్మకు ఈ పరిచయమున తక్కువైనది ఏమియు లేదు. మేమే కన్నులు తుడుచుకొంటిమి.

బొంతను కన్నడ దేశమున కౌది యందురు. ఉత్తర కన్నడ ప్రాంతపు సిద్దీ స్త్రీలు ఒక మూలనుండి మొదలుపెట్టి అంచుల వెంట చుట్టుచు నడిమికి చేరుదురు. ఆ పద్ధతినే బళ్లారి ఆమె నేర్చుకొన్నది. మహారాష్ట్రమున గోధడి, బీహారున సుజని, వంగదేశమున కాంథా. సంస్కృతమున కంథ యన్నను బొంతయే. వంగ స్త్రీలు పాతచీరల అంచులనుండి రంగుదారములు లాగి, ఆ దారముతోనే కుట్టెడివారు. 1840 ప్రాంతమున అమెరికాలో స్నేహబొంతలని యుండెను. ఊరు విడిచి పడమటికి తరలిపోవు స్త్రీకి స్నేహితురాండ్రు తలకొక చదరపు ముక్క కుట్టి, దానిపై చెరగని సిరాతో తమ పేరు వ్రాసి, అన్నియు కలిపి ఇచ్చెడివారు. ఈ సంగతి చెప్పగా హనుమకొండ ఆమె సంచినుండి ఒక గుడ్డముక్క తీసెను. అది ఆమె తల్లి చీరది. తక్కిన ఇరువురును తమ తల్లుల చీరముక్కలు తెచ్చిరి. వారు ముందుగా మాటాడుకొనియే వచ్చిరట. మా అమెరికా ప్రసంగము వారికి అవసరము లేకపోయెను.

రెండు దినములు నడిమి గదిలో బొంత పరచి, నాలుగు మూలల ఇటుకలు పెట్టి కుట్టిరి. సూదులలో దారము ఎక్కించుట పిల్లల పని. అమ్మ నడుమ కూర్చుండి అరచేతితో గుడ్డను సవరించుచు, ఎక్కడ పొర తక్కువైనదో చెప్పెడిది. ఏ శుభకార్యమునకైనను వంటయింటనే ఉండు ఆడువారందరును కుట్టుటలో ఉన్నందున వంట మేమును, అన్నగారును చేసితిమి. పులిహోరలో ఉప్పు రెండుసార్లు పడెను. ఆ మాట ఇంకను మానలేదు.

పున్నమినాటి ఉదయము శాంతి జరిగినది. పీట అమ్మ ఒక్కతెకే వేసితిమి. అడిగినవారికి పురోహితుల మాటయే చెప్పితిమి. రాత్రి ఆమెను మేడపైకి తీసికొని వెళ్లితిమి. చంద్రుని వైపు తిన్నగా చూచినచో చంద్రుడు ఆమెకు కనబడడు. నడిమి మసకలో మునిగిపోవును. చూడదలచిన వస్తువునకు కొంచెము ప్రక్కగా చూడుమని వైద్యశాలలో నేర్పియుండిరి. అన్నగారు, “కొబ్బరిచెట్టు వైపు చూడమ్మా” అనెను. అమ్మ అటు తిరిగి కొంతసేపు ఊరకుండెను. పిమ్మట, “ఆఁ, వచ్చాడు. అంచున ఉన్నాడు” అనెను. ఎంతసేపు చూచినదో మేము లెక్కింపలేదు.

మరునాడు స్నేహితురాండ్రు వెళ్లిపోయిరి. మిగిలిన గుడ్డల మూటను బళ్లారి ఆమె అడిగి తీసికొనిపోయెను. బొంత అమ్మ మంచముపై ఉన్నది. దానిలో ఒక మూల కుట్టు మాది. అమ్మ దానిని వ్రేలితో తడిమి, వంకరగా ఉన్నది, విప్పి కుట్టుమని ఇప్పటికి రెండుసార్లు చెప్పినది.