గట్టు దాటితే కులపత్రం చెల్లదు!

బళ్లారి: కాలేజీ అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే చాలు... సరిహద్దు ఊళ్లలో జిరాక్సు షాపుల కాడ, తహసీల్దారు కచేరీల ముందు ఒకటే ప్రశ్న. 'అన్నా, మన ఆంధ్రా క్యాస్ట్ సర్టిఫికెట్ ఇక్కడ నడుస్తుందా?' జవాబు మూడు దశాబ్దాల కిందటే వచ్చేసింది. నడవదు. ఆ జవాబు తెచ్చిపెట్టింది కూడా ఓ తెలుగు కుర్రాడి కేసే కావడం విశేషం.

తెనాలి టు బొంబాయి

ఆ విద్యార్థి పుట్టింది తెనాలిలో. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ల కులం ఎస్టీ జాబితాలో ఉంది. తండ్రికి ఎస్టీ కోటాలోనే కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగం వచ్చి, బొంబాయికి పోస్టింగు పడింది. పిల్లాడు అక్కడే చదివాడు. ఇంటర్ అయ్యాక మెడికల్ సీటుకు దరఖాస్తు చేస్తే 'మీ కులం మా మహారాష్ట్ర లెక్కలోకి రాదు' పొమ్మన్నారు. తండ్రికి కొలువిచ్చిన కులం కొడుక్కి సీటివ్వలేదన్న మాట. సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీ డీన్‌ను ప్రతివాదిగా చేర్చి సుప్రీంకోర్టుకెక్కారు. 1990 మేలో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది.

తీర్పంతా రాజ్యాంగంలోని 341, 342 అధికరణాల్లో ఉన్న ఒక్క ముక్క చుట్టూ తిరిగింది. 'ఆ రాష్ట్రానికి సంబంధించి' అన్న మాట అది. ఏ కులాన్ని ఎస్సీగా, ఏ తెగను ఎస్టీగా గుర్తించాలో రాష్ట్రపతి రాష్ట్రాల వారీగా ప్రకటిస్తారు. ఒకచోట వెనకబాటు ఉన్న కులానికి ఇంకోచోట అదే స్థితి ఉండాలని లేదు కాబట్టి, హోదా కూడా రాష్ట్రం గీత దాటి రాదని కోర్టు తేల్చింది. ఉద్యోగం పేరుతో బదిలీ అయిన కుటుంబాల ఇబ్బంది న్యాయమూర్తులకు తెలియకపోలేదు. అయితే దానికి చట్టసభలే దారి చూడాలన్నారు. అన్ని రాష్ట్రాలకూ వర్తించే అలాంటి చట్టం నేటికీ లేదు.

పేరు ఒకటే, జాబితా వేరు

మన సరిహద్దులో ఈ తిరకాసు మరీ ఎక్కువ. లంబాడీలనే తీసుకోండి. ఆంధ్ర, తెలంగాణల్లో ఎస్టీలు. కర్ణాటకలో ఎస్సీలు. మహారాష్ట్రలో ఈ రెండూ కాదు, విముక్త జాతులు. తండా ఒకటే, పాట ఒకటే, కాగితం మాత్రం మూడు రకాలు. అనంతపురం జిల్లాలో బోయలు బీసీ-ఏ కాగా ఇటు బళ్లారి వైపు నాయక, బేడ, వాల్మీకి పేర్లతో ఎస్టీలు. బోయలను ఎస్టీల్లో చేర్చాలంటూ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2017లో, మళ్లీ 2023లో తీర్మానాలు చేసి పంపింది. ఒడ్డెర్లు అక్కడ బీసీలు, ఇక్కడ భోవి పేరుతో ఎస్సీలు.

'మా కులం రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఉంది గదా' అనేవాళ్లకూ ఊరట లేదు. పేరు ఒకటే అయినంత మాత్రాన వలస వచ్చినవారికి హక్కు రాదని సుప్రీంకోర్టు 1994లో మరో కేసులో చెప్పింది. సొంత రాష్ట్రం కోటా, కేంద్ర విద్యాసంస్థల కోటా మాత్రం పోవు. తండ్రి సర్టిఫికెట్ చూపిస్తే పిల్లలకు, ఏ రాష్ట్రం నుంచి వచ్చారో రాసి, ఉన్నచోటే పత్రం ఇవ్వొచ్చని కేంద్రం ఎప్పుడో చెప్పింది. ఆ సంగతి చాలామందికి తెలియదు. అడగరు, కచేరీలో వాళ్లూ చెప్పరు.

అక్కడా పరాయే

సరే, సొంత రాష్ట్రానికే పోదామంటే అక్కడ ఇంకో గేటు. 371-డి కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు లోకల్ అభ్యర్థులకే. అర్హత పరీక్ష దాకా వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివితేనే లోకల్. బళ్లారిలో హైస్కూలు, కాలేజీ చదివిన ఆలూరు పిల్ల నాన్‌లోకల్ అవుతుంది. కుటుంబానికి అక్కడ పదేళ్ల నివాసం వంటి లెక్కలు కుదిరితే మిగతా 15 శాతంలో పోటీ పడాలి. తెలంగాణ కూడా మెడికల్ సీట్లకు నాలుగేళ్ల నిబంధన పెట్టింది. ఇంటర్ కోసం బయటికెళ్లిన పిల్లలు కోర్టుకెళ్లినా 2025లో సుప్రీంకోర్టు ఆ నిబంధననే సమర్థించింది.

ఇంతకీ వలసదారు ఎవరు?

తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లకు అసలు సమస్య ఇదే. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన వలసదారులు కారు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడే నాటికి కుటుంబం ఎక్కడ స్థిరపడి ఉందో అదే లెక్క. తాత అప్పటికే ఇక్కడుంటే మనవడు కర్ణాటకవాడే, ఇక్కడి జాబితాయే వర్తిస్తుంది. యానాం వాళ్లకైతే 1964 నాటి పుదుచ్చేరి ఉత్తర్వు.

చెప్పడం తేలికే. రుజువు చేయడమే కష్టం. బళ్లారి 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉంది. అప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు పోయాయి. గీత జనం మీదుగా గీశారు గానీ జనం ఎక్కడికీ కదల్లేదు. రాయచూరు 1956 దాకా నిజాం గడ్డ, హైదరాబాద్ రాష్ట్రం. అక్కడి పాత రెవెన్యూ దస్తరం ఉర్దూలో ఉంటుంది, చదివేవాళ్లను వెతుక్కోవాలి. భూమి ఉన్నవాళ్లకు ఏదో ఒక పహాణీ దొరుకుతుంది. కూలికి బతికిన తాతకు ఏ కాగితం ఉంటుంది? బడికి పోయి ఉంటే అడ్మిషన్ రిజిస్టరులో పేరు... ఎస్సీ, ఎస్టీ కుటుంబాల్లో ఆ కాలపు తాతలు ఎందరు బడికి పోయారో వేరే చెప్పాలా!

అదే 371-జె కింద కల్యాణ కర్ణాటక జిల్లాలకిచ్చిన 70 శాతం సీట్లకైతే కులం అడ్డం రాదు. పుట్టుక, లేదా పదేళ్ల నివాసం చూపిస్తే చాలు. కులపత్రానికి తహసీల్దారు కచేరీ చుట్టూ తిరిగితే, దానికి మాత్రం అసిస్టెంట్ కమిషనర్ పత్రం కావాలి.