సమాచార తటాకం

అనంతపురం పీఠభూమి వాన తక్కువైన నేల. దేశంలో అత్యల్ప వర్షపాతం గల ప్రాంతాలలో ఇది ఒకటి. అందుచేతనే ఇచ్చటి పూర్వులు చెరువును ప్రాణప్రదంగా చూచుకొన్నారు. విజయనగర రాజుల కాలంలో బుక్కపట్నం చెరువు వంటి తటాకాలు వెలిశాయి. చెరువు ఊరందరిది. కనుక కట్టను కాపాడటం, పూడిక తీయడం, తూములను సరిచూడటం కూడా ఊరందరి బాధ్యత అయింది.

ఆధునిక విశ్వవిద్యాలయంలోనూ ఇటువంటి ఉమ్మడి తటాకం ఒకటి ఉంటుంది. దానినే ఫైల్ సర్వర్ అంటారు. అధ్యాపకుల పాఠాలు, పరిశోధకుల లెక్కలు, కార్యాలయ పత్రాలు ఒకేచోట భద్రపరచే కంప్యూటరు ఇది. చెరువు నీటిని కాలువలు పొలాలకు చేర్చినట్లే, ఇందులోని సమాచారాన్ని నెట్‌వర్క్ ప్రతి విభాగానికీ చేరుస్తుంది.

1946లో అనంతపురం ఇంజనీరింగ్ కళాశాల, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. 2008లో ఆ ఇంజనీరింగ్ కళాశాల కేంద్రంగా జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, అనంతపురం అవతరించింది. దేశంలోని విశ్వవిద్యాలయాలను అనుసంధానించేందుకు 2002లో యు.జి.సి. ఇన్ఫోనెట్ ప్రారంభమైంది. 2010లో కేంద్ర ప్రభుత్వం జాతీయ విజ్ఞాన నెట్‌వర్క్‌ను ఆమోదించింది. అయితే పెద్ద కాలువ ఎంత వెడల్పైనా, ఆవరణలోని పిల్లకాలువలు పూడిపోతే పొలానికి నీరందదు.

1990 ప్రాంతంలో కంప్యూటర్లను వరుసగా ఒకే కొయాక్సియల్ కేబుల్‌కు తగిలించేవారు. దాని వేగం సెకనుకు 10 మెగాబిట్లు. ఆ తీగ ఒక్కచోట తెగితే దానిపై ఉన్న కంప్యూటర్లన్నీ మూగబోయేవి. తరువాత స్విచ్‌లు వచ్చి, ప్రతి కంప్యూటరుకూ వేరు తీగ ఏర్పడింది. నేడు భవనాల నడుమ ఆప్టికల్ ఫైబర్ వేస్తున్నారు. గాజు పోగులో కాంతి పయనిస్తుందే కాని విద్యుత్తు ప్రవహించదు. కనుక పిడుగుపాటు ఆ పోగు వెంట మరొక భవనానికి సాగదు.

సర్వర్‌కు కూడా వృద్ధాప్యం ఉంది. నిరంతరం తిరిగే హార్డ్ డిస్క్ అరుగుతుంది. వేడిమి, దుమ్ము, విద్యుత్తు హెచ్చుతగ్గులు దాని ఆయువును తగ్గిస్తాయి. యంత్రం బాగున్నా సాఫ్ట్‌వేర్‌కు కాలం చెల్లవచ్చు. విండోస్ సర్వర్ 2003కు భద్రతా సవరణలు 2015 జూలైతో నిలిచిపోయాయి.

పాతదానిని మార్చక తప్పదు. కాని మార్పులోనూ ముప్పు ఉంది. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో, ప్రతులు తీసే ప్రోగ్రామును సవరించినప్పుడు జరిగిన లోపం వల్ల సుమారు 77 టెరాబైట్ల పరిశోధన సమాచారం చెరిగిపోయింది. కాపాడవలసిన సాధనమే నష్టానికి కారణమైంది!

కాబట్టి సర్వర్‌ను మార్చేటప్పుడు కొన్ని నియమాలు పాటించాలి. మొదట అందులో ఏ సమాచారం ఉన్నదో, అది ఎవరిదో పట్టిక వ్రాయాలి. తరువాత మూడు ప్రతులు ఉండేలా చూడాలి. అవి రెండు విధాల సాధనాలపై ఉండాలి. ఒక ప్రతి వేరొక చోట ఉండాలి. సర్వర్‌లో జంట డిస్కులున్నాయన్న ధీమా పనికిరాదు. పొరపాటున ఫైలును చెరిపితే అది రెండింటిలోనూ మాయమవుతుంది. తీసిన ప్రతి నుండి ఫైళ్లను తెరచి పరీక్షించాలి. కొత్త సర్వర్‌ను కొన్నాళ్లు పాతదానితో పాటే నడిపి, ఫైళ్ల సంఖ్యను, పరిమాణాన్ని సరిపోల్చాలి. అంతవరకు పాతదానిని చెరిపివేయరాదు.

యంత్రం పోతే డబ్బిచ్చి మరొకటి కొనవచ్చు. ఒక పరిశోధకుడు ఏళ్ల తరబడి సేకరించిన వానల లెక్కలు, వేరుశనగ దిగుబడి వివరాలు పోతే ఏ ధనమూ వాటిని తిరిగి తేలేదు. గడచిన ఏటి వానను మళ్లీ కొలవలేము కదా! కరవును అర్థం చేసుకోవడానికి ఈ సీమకు ఆ లెక్కలే ఆధారం. అందుచేత సర్వర్ సంరక్షణకు ఏటేటా నిధులు కేటాయించడం, బాధ్యుడైన ఉద్యోగిని నియమించడం విశ్వవిద్యాలయాల కర్తవ్యం. తమ ప్రాజెక్టు ఫైలుకు నేడే మరొక ప్రతి తీసి వేరొక చోట దాచుకోవడం విద్యార్థుల కర్తవ్యం.