లాంచీ షికారుకు ఏ నది? ఏ నెల?

సార్వా ధాన్యం డబ్బు చేతికందిన ఇంట్లో మొదట వచ్చే మాట అప్పుల సంగతి. అది తీరితే రెండో మాట, ఎటైనా వెళ్లి వద్దామన్నది. పెద్దవాళ్లు గుడి ఉన్న ఊరంటారు, పిల్లలు నీళ్లున్న చోటంటారు. ఇద్దరికీ కుదిరేది లాంచీ ప్రయాణం. అందుకే కార్తీకం మొదలు సంక్రాంతి దాటేవరకు మన డెల్టా పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే నది దారి పడుతున్నాయి.

నది మీద సెలవులు గడపడం ఇప్పుడు దేశమంతటా వచ్చిన సరదాయే. 2023 జనవరిలో వారణాసి నుంచి అసోంలోని డిబ్రూగఢ్ దాకా 51 రోజులపాటు, సుమారు 3,200 కిలోమీటర్లు సాగే నౌక ఒకటి బయలుదేరింది. దాని టిక్కెట్టు లక్షల్లో మాట. అది మన లెక్కలోది కాదు. ఒక్క పగటిలో వెళ్లి, చీకటిపడే వేళకు ఇంటిముఖం పట్టగల నదులు మనకు దగ్గరలోనే ఉండగా అంతదూరం ఆలోచించడం దేనికి?

ముందుగా చెప్పుకోవలసింది పాపికొండలే. రాజమహేంద్రవరం దగ్గర గోదావరిని చూసినవారికి అది నదిలా కాదు, సముద్రంలా కనిపిస్తుంది. 1900లో పూర్తయిన హేవలాక్ రైలు వంతెన పొడవు దాదాపు 2.7 కిలోమీటర్లు అంటేనే వెడల్పు తెలుస్తుంది. అదే గోదావరి ఎగువన పాపికొండల మధ్య కొన్ని వందల మీటర్లకు ఇరుకై, రెండు పక్కలా కొండల నడుమ మలుపులు తిరుగుతుంది. ముందు దారి మూసుకుపోయినట్టే ఉంటుంది. దగ్గరకు వెళ్లేసరికి కొండ పక్కకు జరిగినట్టయి మళ్లీ నీళ్లు కనిపిస్తాయి. చిన్నప్పుడు చూసినవారు ముసలితనంలోనూ ఆ మాటే చెబుతారు.

ఒకప్పుడు ఇది షికారు కాదు, దారి. శ్రీరామనవమికి భద్రాచలం వెళ్లే భక్తులు రాజమండ్రిలో లాంచీ ఎక్కి, వండుకు తింటూ, భజనలు చేసుకుంటూ ఎగువకు పోయేవారు. 1973లో వచ్చిన ‘అందాల రాముడు’ సినిమా ఆ ప్రయాణం మీద తీసిందే. ఇప్పుడు ఆ దారి లేదు. పోలవరం వద్ద ప్రాజెక్టు పనులు సాగి, 2021లో నది ప్రవాహాన్ని స్పిల్‌వే మీదుగా మళ్లించాక, రాజమండ్రి రేవు నుంచి పైకి లాంచీ వెళ్లే వీలు పోయింది. రోడ్డు మీద దేవీపట్నం మండలంలోని గండి పోచమ్మ గుడి వరకు వెళ్లి, అమ్మవారికి దండం పెట్టుకుని అక్కడ బోటెక్కాలి. భద్రాచలం వైపు నుంచి వచ్చేవారికి వి.ఆర్.పురం మండలంలోని పోచవరం రేవు ఉంది.

ధవళేశ్వరం లెక్క అక్కడ పనికిరాదు

ఇంత అందమైన చోటే 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. బోటులో 77 మంది ఉన్నారు. బతికి ఒడ్డుకు చేరింది 26 మంది. వారిని కాపాడింది కచ్చులూరు గిరిజనులు. బోటు ఒరగడం చూసి తమ పడవలతో ఉరికారు. బయటపడినవారిలో పలువురు, లైఫ్ జాకెట్టు ఒంటిమీద ఉండబట్టే తేలామని చెప్పారు. రెండు వందల అడుగులకు మించిన లోతున కూరుకుపోయిన ఆ బోటును అక్టోబరు 22న కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం పైకి లాగింది.

ఈ సంగతి అందరికీ తెలిసిందే. మన పల్లెల్లో ఎక్కువమంది గమనించనిది మరొకటుంది. ఆ రోజు నదిలో పారుతున్నది సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 11.75 అడుగుల మట్టానికి, అంటే దాదాపు 10 లక్షల క్యూసెక్కులకు. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులకు. మనం లంకల్లో పశువులను ఎప్పుడు ఒడ్డుకు తోలాలో ఆ హెచ్చరికలను బట్టే చూసుకుంటాం. మొదటి హెచ్చరిక కూడా లేదు, గోదావరి శాంతంగానే ఉందని అనుకుంటాం. ఆ లెక్కన చూస్తే కచ్చులూరు రోజు నది హెచ్చరికకు సగం నీటి మీదే ఉంది.

కారణం కష్టమైనదేమీ కాదు. ఇక్కడ మైళ్ల వెడల్పున పరచుకునే నీరే అక్కడ కొండల మధ్య సందులోంచి పోవాలి. వేగం పెరుగుతుంది. మలుపు దగ్గర కొండకు కొట్టుకుని సుడి తిరుగుతుంది. ఎదురెక్కుతున్న బోటు ఆ మలుపులో ఒక్కసారి అడ్డం తిరిగితే సరిచేసుకునే వ్యవధి సరంగుకు ఉండదు. ఊరి చెరువులో ఈతకీ, కాలువ లాకు కింద ఈతకీ ఉన్న తేడా ఏమిటో మన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు కదా.

కనుక ఏ నది అని అడగడానికి ముందు ఏ నెల అని అడగాలి. జులై నుంచి సెప్టెంబరు వరకు ఎర్రనీరు. ఆ రోజుల్లో టిక్కెట్టు ఉచితంగా ఇచ్చినా గోదావరి ఎగువకు వెళ్లనక్కరలేదు. 2022 జులైలో భద్రాచలం వద్ద 71 అడుగులు దాటింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంతటి వరద అదే. అక్టోబరు కూడా ఎగువ వానలను బట్టి చూసుకోవలసినదే. వేసవి సెలవుల్లో నీరు తక్కువ, పిల్లలకు వెసులుబాటు, అని చాలామంది మే నెల పెట్టుకుంటారు. అందులోనూ ఒక చిక్కుంది. మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. 2018 మే 15న సాయంత్రం వాడపల్లి, మంటూరు మధ్య లాంచీ మునిగి ఇరవై మంది వరకు చనిపోయింది అటువంటి గాలివానలోనే. వాన కొడుతోందని తలుపులు మూసుకున్నవారు లోపలే చిక్కుకుపోయారు. వారు షికారుకు వెళ్లినవారు కారు, పనులు చూసుకుని ఇంటికి తిరిగివస్తున్న గిరిజనులు.

మిగిలింది నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి వరకు. నీరు తేరి ఉంటుంది, ప్రవాహం నెమ్మదిస్తుంది, కొండలు ఇంకా పచ్చగానే ఉంటాయి. మనకు కోతలు ముగిసేదీ అప్పుడే. ఒక్క ఇబ్బంది, కార్తీక ఆదివారాల రద్దీ. వీలున్నవారు మార్గశిరంలో, అదీ వారం మధ్యలో వెళ్తే నిలబడి చూసే బాధ తప్పుతుంది. పొద్దున పొగమంచు విడిచేదాకా బోటు ఆలస్యమైనా విసుక్కోకూడదు; ఆలస్యం చేసే సరంగే మంచి సరంగు.

ఒడ్డున నియంత్రణ గదిలో బోటును, మనుషుల లెక్కను చూసి పంపుతున్నారు. అయినా మన కళ్లు మనకున్నాయి. జాకెట్టు సైజు సరిపోతుందా, పిల్లలకు పిల్లల జాకెట్లున్నాయా అని ఎక్కకముందే అడగాలి. ఎక్కాక భోజనం వేళ ఉక్కపోతని విప్పి పక్కన పెట్టే అలవాటే చెడ్డది. అందరూ ఒకే పక్కకు పరుగెత్తి ఫోటోలు దిగడం అంతకంటే చెడ్డది.

కృష్ణమ్మ సంగతి

ప్రవాహమంటే భయమున్నవారికి కృష్ణ మీద నాగార్జునసాగర్ నయం. అది జలాశయం, పైన శ్రీశైలం గేట్లు ఎత్తితే తప్ప నీరు నిలకడగా ఉంటుంది. విజయపురి సౌత్ నుంచి లాంచీలో గంటలోపే నాగార్జునకొండ ద్వీపం చేరవచ్చు. 1955లో డ్యాంకు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు సాగించి, ఇక్ష్వాకుల నాటి బౌద్ధ శిల్పాలను, కట్టడాలను ఆ కొండ మీదికి చేర్చారు. అంటే లాంచీ పోతున్నది ఒక పాత నగరం మీదుగా. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది. అది తెలియక వెళ్లి మెట్ల దగ్గర నుంచి తిరిగి వచ్చినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు.

సాగర్ నుంచి నల్లమల మధ్యగా శ్రీశైలం కింద లింగాలగట్టుకు వెళ్లే లాంచీ కూడా ఉంది. ఐదారు గంటల ప్రయాణం. అడవి, కొండలు, చివర మల్లన్న దర్శనం. కాని సాగర్ నిండిన ఏడాదే అది నడుస్తుంది. నిండు మట్టం 590 అడుగులు. వానలు తప్పిన ఏడు నీరు దిగిపోతే లాంచీ కదలదు. కనుక ముందుగా పర్యాటక శాఖవారిని అడిగి మరీ బయలుదేరాలి.

అంతదూరం పోలేని ముసలివారికి పట్టిసం ఉండనే ఉంది. నది మధ్య కొండ మీద వీరభద్రుని గుడి, కొద్దిసేపటి పడవ. దిగువన దిండి దగ్గర వశిష్ఠ పాయ మీద ఇంటి పడవలు తిరుగుతున్నాయి. సఖినేటిపల్లిలో రోజూ పంటు దాటే వాళ్లకు అది కొత్తగా తోచకపోవచ్చుగాని, మెట్ట ఊళ్లవాళ్లకు బాగుంటుంది.

అయినా ఒక్క ప్రయాణానికే డబ్బుంటే, ఈ వ్యాసకర్త పాపికొండలకే వెళ్లమంటాడు. ఎందుకంటే సాగర్ అరవై ఏళ్లుగా అలాగే ఉంది, ఇకముందూ ఉంటుంది. పాపికొండలు అలా ఉండవు. పోలవరంలో 150 అడుగుల పూర్తి మట్టానికి నీరు నిలబెట్టిన రోజున కొండలుంటాయి గాని వాటి పాదాలుండవు. ఇసుక తిన్నెలు, రేవులు, ఒడ్డు పల్లెలు నీటికిందికి పోతాయి. దేవీపట్నం వైపు ఇప్పటికే ఇళ్లు ఖాళీ అయ్యాయి. కచ్చులూరు వంటి నది ఒడ్డు పల్లెలవాళ్లకు తెలిసిన సుళ్లు, మలుపులు మైదానంలో కట్టిన కాలనీల్లో ఎవరికి చెప్పుకుంటారు?

పేరంటాలపల్లిలో బోటు దిగి ఎక్కితే శివాలయం, బాలానంద స్వామి నెలకొల్పిన ఆశ్రమం కనిపిస్తాయి. పక్కనే కొండవాగు. ప్లాస్టిక్ సంచులు తీసుకుపోకూడదు. దారి పక్కన కొండరెడ్డి ఆడవాళ్లు వెదురుతో చేసిన పూలు, బుట్టలు పెట్టుకు కూర్చుంటారు. కొనదలచినవారు పది, ఇరవై నోట్లు జేబులో ఉంచుకోవాలి. ఆ కొండల మధ్య ఫోన్లకు సిగ్నల్ సరిగా అందదు.