చిరుతిండిలో ఇల్లాలి వాటా

మంగళగిరి కొండ మీద పానకాల నరసింహస్వామి గుడి ఉంది. అక్కడ స్వామికి నైవేద్యం పానకమే. బెల్లం నీళ్ళలో మిరియాల పొడి, ఏలకుల పొడి కలిపితే పానకం. ఎంత పానకం పోసినా స్వామి సగమే తాగుతాడనీ, మిగతా సగం భక్తులకు వదిలేస్తాడనీ జనం నమ్మకం. దేవుడే సగం మిగులుస్తాడు. మరి ఇంట్లో చేసే చిరుతిళ్ళలో, చేసిన మనిషికి మిగిలేదెంత?

మంగళగిరి నేతకు పేరున్న ఊరు. మగ్గం ఉన్న ఇంట్లో ఆడవాళ్ళకు తీరిక ఉండదు. వంట చెయ్యాలి. నూలు తోడాలి, కండెలు చుట్టాలి. మధ్యాహ్నం శనగలు ఉడకేసి గుగ్గిళ్ళు చేస్తారు. అవి ముందు పిల్లలకు, తర్వాత మగ్గం మీద ఉన్నాయనకు. "మీరు తిన్నారుగా, నాకెందుకులే" అని ఇల్లాలు టీ తాగి ఊరుకుంటుంది. ఒక్క నేతవాళ్ళ ఇళ్ళలోనే కాదు, మిరపకాయలు కోసే కూలీల ఇళ్ళలోనూ ఇదే తంతు.

నిజానికి ఆమెకే ఎక్కువ కావాలి. రక్తం పట్టడానికి ఇనుము కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఒక లెక్క చెప్పింది. మగవాళ్ళకు రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలు. ఆడవాళ్ళకు 29 కావాలి. నెలనెలా రక్తం పోతుంది కదా, అందుకని. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళు 100 మందిలో సుమారు 59 మందికి రక్తం తక్కువని తేలింది. కొండ మెట్లు నాలుగు ఎక్కేసరికి ఆయాసం, కళ్ళు తిరగడం, కనురెప్ప లోపల తెల్లగా పాలిపోవడం దాని గుర్తులు.

పాతకాలం వాళ్ళకు ఈ సంగతి కొంత తెలుసు. పిల్ల పెద్దమనిషి అయితే చిమ్మిలి దంచి పెడతారు. నువ్వులు, బెల్లం కలిపి దంచితే చిమ్మిలి. మినుములు, బెల్లం, నెయ్యితో సున్నుండలు చేస్తారు. మంచి పనే. కానీ ఎన్నాళ్ళు? వేడుక అయిపోగానే చిమ్మిలీ అయిపోతుంది. నెలసరి మాత్రం ఇంకో ముప్పై ఏళ్ళు వస్తుంది.

నువ్వులు చిన్నవే గానీ వాటిలో సత్తువ చాలా ఉంది. తూకానికి తూకం చూస్తే పాలలో కంటే నువ్వుల్లో కాల్షియం పదిరెట్లు పైనే. అదంతా ఒంటికి పట్టదు, కొంతే పడుతుంది. ఆ కొంతా ఎముకలకు మంచిదే. ఇనుమూ ఉంది. వేరుశనగ గుళ్ళలో, వేయించిన శనగల్లో మాంసకృత్తులు నాలుగో వంతు దాకా ఉంటాయి. 2020లో ప్రభుత్వం బడి భోజనంలో వేరుశనగ చిక్కీ చేర్చింది కూడా. బూజు పట్టినవి, నల్లబడినవి, చేదుగా ఉన్న గుళ్ళు మాత్రం ఏరి పారెయ్యాలి. వాటిలో కాలేయానికి చేటు చేసే విషం ఉండవచ్చు.

బెల్లం తింటే రక్తం పడుతుందంటారు. బెల్లంలో ఇనుము ఉన్నమాట నిజమే. కానీ గ్లాసుడు పానకంలోని బెల్లంతో వచ్చేది కొంచెమే. ఎండలో తిరిగి వచ్చినప్పుడు పానకం ఓపికనిస్తుంది. రక్తానికి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే లాభం లేదు. షుగరు జబ్బు ఉన్నవాళ్ళకు పానకమైనా, చిక్కీ అయినా పంచదారతో సమానమే.

అసలు చిక్కు టీతో వస్తుంది. గుగ్గిళ్ళు తిని వెంటనే టీ తాగితే, వాటిలోని ఇనుమును టీ ఒంటికి పట్టనివ్వదు. ఒక గంట ఆగి తాగాలి. గుగ్గిళ్ళ మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. శ్రీరామనవమికి చేసే వడపప్పులో మామిడికాయ కోరు కలుపుతారు. రుచికే కలిపినా, ఆ పులుపు చేసే పనీ ఇదే.

మిర్చి బజ్జీ సంగతి వేరు. గుంటూరు సీమలో బజ్జీ వద్దంటే వినేదెవరు? ఎప్పుడో ఒకసారి తింటే ఫరవాలేదు. కాచిన నూనెనే నల్లబడేదాకా మళ్ళీ మళ్ళీ కాచే బండి దగ్గర కొనకపోవడం మేలు. ఇక రంగు ప్యాకెట్లు. పది రూపాయల ప్యాకెట్టు విప్పితే సగం గాలే. ఉప్పు, నూనె తప్ప అందులో పెద్దగా ఏమీ ఉండదు. ఆ పది రూపాయలకు వేరుశనగ గుళ్ళు రెండు గుప్పిళ్ళు వస్తాయి.

ఆయాసం, నీరసం ఉంటే చిరుతిండితో సరిపెట్టకూడదు. ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకోవాలి. 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే, గర్భిణీలకైతే 11 కంటే తక్కువ ఉంటే, రక్తం తక్కువన్నమాట. ఐరన్ మాత్రలు అక్కడ ఉచితంగా ఇస్తారు. మాత్ర కూడా టీతో వేసుకోకూడదు. మాత్రలు వేసుకునే రోజుల్లో విరేచనం నల్లగా అవుతుంది. దానికి భయపడి చాలామంది మధ్యలో మానేస్తారు. అది ఇనుము రంగే.