వేరుశనగ నేలల్లో వైర్‌వార్మ్ - వేరుపురుగు: గుర్తింపులో తేడాలు

శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి ప్రాంతపు ఎర్రనేలల్లో వర్షాధార వేరుశనగ ముఖ్యమైన పంట. మొక్కలు వాడిపోతున్నప్పుడు మట్టిని తవ్వి, లార్వాను గుర్తించిన తరువాతనే నివారణ చర్యలు సూచించాలి.

వేరుపురుగు లార్వా మెత్తగా, తెల్లగా ఉండి, 'సి' ఆకారంలో వంగి వేర్లను కొరుకుతుంది. ఎలాటరిడే కుటుంబానికి చెందిన వైర్‌వార్మ్ సన్నగా, గట్టిగా, పసుపు కలిసిన గోధుమరంగు తీగవలె ఉండి, విత్తనాలను, కాయలను తొలుస్తుంది. దీని తల్లిపురుగు వెల్లకిలా పడితే, వక్షం అడుగున ఉన్న ముల్లును గాడిలోకి జార్చి 'టక్‌'మనే శబ్దంతో పైకెగురుతుంది.

తొలకరి వర్షాల తరువాత వేపచెట్లపై చేరే వేరుపురుగు తల్లిపురుగులను రాత్రివేళ కొమ్మలు దులిపి నాశనం చేయవచ్చు. వైర్‌వార్మ్‌పై ఈ పద్ధతి ఆధారపడదగినది కాదు. వీటిలో అనేక జాతుల లార్వాలు ఏడాదికి పైగా నేలలోనే జీవిస్తాయి. కావున విత్తే ముందే మట్టిని పరిశీలించడం అవసరం.