చీమ బలము, ఏనుగు కాలు

మా వసారా గడపప్రక్కన ఒక చీమ తనకంటె పెద్దదైన బియ్యపుగింజను ఈడ్చుకొనిపోవుచుండగా చూచి, మా మనుమడు, "తాతయ్యా, ఇదే ఏనుగంత పెరిగితే కొండల్ని మోసేస్తుందా?" అని అడిగెను. మోయుట మాట అటుంచి, అది లేచి నిలువనైనను నిలువలేదని వానికి నచ్చజెప్పుటకు గణితము కొంత, భౌతికశాస్త్రము కొంత కావలసివచ్చెను.

ఏ వస్తువునైనను ఆకృతి చెడకుండ నిడివిలో రెండింతలు చేసినచో, దాని ఉపరితలము నాలుగింతలును, ఘనపరిమాణమును దానివెంట బరువును ఎనిమిదింతలును అగును. ఎముక దార్ఢ్యమును, కండర శక్తియు వాని అడ్డుకోత వైశాల్యమును బట్టి యుండును గాన, నిడివి పదింతలైన ప్రాణికి వేయిరెట్ల బరువు మోయుటకు నూరురెట్ల బలమే దక్కును. ఏనుగు కాలు స్తంభమువలె లావై, నిటారుగ నుండుట అందువలననే. లేడి కాలును అదే పోలికతో ఏనుగంతకు పెంచితిమా, అది పుటుక్కున విరుగును.

ఆర్చెత్రిలోని స్వగృహమున నిర్బంధములో నుండియే గెలీలియో పూర్తిచేయగా, 1638లో లైడెన్ నగరమున అచ్చుపడిన గ్రంథములో ఈ విషయమునకై రెండు ఎముకల బొమ్మలు కలవు: ఒకటి మామూలుది, రెండవది నిడివిలో మూడింతలే యైనను, పెద్దజంతువును మోయుటకు తగినంత బలము కావలెనన్నందున, చూచుటకు మొద్దుదుంగవలె నుండును.

చిన్నప్రాణులకు ఈ లెక్క ఒకచో వరము, ఒకచో శాపము. బరువు స్వల్పము, గాలి తాకు ఉపరితలము అధికము గనుక తాటిచెట్టు చివరనుండి పడిన చీమ ఏమియు జరుగనట్లు నడచిపోవును. కాని మజ్జిగగ్లాసులో పడి పైకి తీసిన ఈగ, తన బరువునకు ఎన్నోరెట్ల తడిని మోయలేక అక్కడే చతికిలబడును. స్నానముచేసి వచ్చిన మనిషి ఒంటి తడి సుమారొక పౌను మాత్రమే యనియు, తడిసిన చిట్టెలుక తనంత బరువు నీటిని మోయుననియు 1926లో ఒక వ్యాసమున లెక్కకట్టి చూపినవాడు జె.బి.ఎస్. హాల్డేన్.

ఆంగ్లేయుడైన ఆ శాస్త్రజ్ఞుడు 1957లో మన దేశమునకు వచ్చి, ఇచ్చటి పౌరుడై, 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను. ఆయన కోరిక మేరకు భౌతికకాయమును వైద్యవిద్యార్థుల నిమిత్తము కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు అప్పగించిరి. ఈ సంగతి చెప్పగనే మావాడు, చీమను మరచి, "ఎముకలతో సహానా?" అనెను.